ఏది నిలపాలి, ఏది మార్చాలి

(యువ కళాకారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  

మేం సంగీత విద్వాంసులం కాదు. టీచర్ ట్రైనింగ్ చదివి, గిరిజన హాస్టళ్లలో పిల్లల చదువు, తిండి, ఆరోగ్యం చూసుకుంటున్న వార్డెన్లం. అయినా పాటతో మాకు రోజూ పనే. రాత్రి స్టడీ అవర్ అయ్యాక పిల్లలు గుంపుగా కూర్చొని పాడుకునే పాటలు వినేది మేమే. మెస్‌లో కంచాలు మోగించొద్దని కేకలు వేసేదీ మేమే. అదే కంచం పండగనాడు తండాలో థాళీ అయి, నంగారా పక్కన మోగితే కాలు నిలవదని తెలిసినవాళ్లమూ మేమే.

ఇప్పుడు మన పిల్లల్లో పాట మీద కొత్త ఆసక్తి కనిపిస్తోంది. ఒకరు కీబోర్డు, ఒకరు ప్యాడ్, ఒకరు గిటారు పట్టుకున్నారు. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. సంతోషం. వాళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్నలు ముఖ్యంగా రెండు. మొదటిది: "మేడం, మన తండా పాటలకు శాస్త్రం ఉంటుందా? రాగం, తాళం అనేవి పెద్ద సంగీతానికే కదా?" రెండోది: "శాస్త్రం నేర్చుకుంటే సొంతంగా అల్లి పాడే గుణం పోతుందేమో?" ఈ రెండింటికీ మాకు తెలిసినంతలో జవాబు చెప్తాం.

మొదటి ప్రశ్న ముందు చూద్దాం. రాగం గురించి వివరంగా మాట్లాడిన పాత గ్రంథాల్లో ముఖ్యమైనది మతంగుడి 'బృహద్దేశి'. అది వెయ్యేళ్లకు పైబడిన పుస్తకం. దాని పేరులోనే 'దేశి' ఉంది. దేశి అంటే ఏమిటో మతంగుడు చెప్పాడు. ఆడవాళ్లు, పిల్లలు, పశువుల కాపరులు, రాజులు తమ తమ ప్రాంతాల్లో ఇష్టంగా పాడుకునేదే దేశి అన్నాడు. ఆ వరసలో పశువుల కాపరి రాజు పక్కనే ఉన్నాడు, గమనించండి. మన తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగినవాళ్లు. వాళ్ల దారి పాట కూడా ఆ మాట కిందికే వస్తుంది. పాట ముందు పుట్టింది. దాన్ని విన్నవాళ్లు అందులో ఏముందో చూసి పేర్లు పెట్టారు. ఆ పేర్ల మొత్తమే శాస్త్రం. కాబట్టి మన పాటకు శాస్త్రం ఉంటుందా అని అడగక్కరలేదు. మన పాటలో ఉన్నవాటి పేర్లు మనకు తెలుసా అని అడగాలి.

ఒక ఉదాహరణ మన పక్కనే ఉంది. 2021లో వచ్చిన 'భీమ్లా నాయక్' పాట మీరంతా విన్నారు. దాని మొదట్లో కిన్నెర మీటి పాడినాయన దర్శనం మొగిలయ్య గారు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. డక్కలి కులస్తుల వాద్యం అది. వెదురు బొంగుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, 12 మెట్లు పెట్టి వాయిస్తారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు కోయల పాటగాడు సకిని రామచంద్రయ్య గారికి కూడా పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ, తెలుగులోనూ పాడిన ఆయన 2024లో కన్నుమూశారు. కిన్నెర ఈమధ్య పుట్టింది కాదు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన 'సంగీత రత్నాకరం'లో కిన్నరి వీణ వర్ణన ఉంది. మనం చిన్నచూపు చూసే వాద్యాల పేర్లు పెద్ద గ్రంథాల్లో ఉన్నాయని తెలిస్తే మన ప్రశ్నే మారిపోతుంది.

ఇక రెండో ప్రశ్న. శాస్త్రం నేర్చుకుంటే సొంతంగా అల్లే గుణం పోతుందా? దీనికి జవాబు పుస్తకంలోంచి కాకుండా మన పెళ్లిలోంచి చెప్తాం.

మన పెళ్లిలో ఆడపిల్ల అత్తారింటికి పోయే ముందు ఒక్కొక్కరినీ పట్టుకొని ఏడుస్తూ పాడే ఢావ్లో మీలో చాలామంది వినే ఉంటారు. యాడిని పట్టుకున్నప్పుడు ఒక మాట, అన్నను పట్టుకున్నప్పుడు ఒక మాట, చిన్నప్పటి నుంచి కూడా తిరిగిన స్నేహితురాలిని పట్టుకున్నప్పుడు ఇంకో మాట. ఆ మాటలు ఎవరూ రాసివ్వరు. ఎదుట ఎవరున్నారో చూసి, వాళ్లతో తనకున్న బంధం తలచుకొని, అప్పటికప్పుడు అల్లుతుంది. దుఃఖం నిజమే. కానీ గొంతు దారి తప్పదు. ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దించాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆ పిల్లకు తెలుసు. ఎందుకంటే పెళ్లికి ముందే పెద్ద ఆడవాళ్ల దగ్గర కూర్చొని ఆ వరస నేర్చుకుంది. వరస నిలబడింది, మాట మారింది. ఢావ్లో కిటుకు ఇదే.

(ఢావ్లో నేర్చుకోమంటే తొందరగా పెళ్లి చేసుకోమని అర్థం కాదు చెల్లెళ్లారా. ముందు డిగ్రీ. వరస నేర్చుకోవడానికి ముహూర్తం అక్కరలేదు.)

ఇప్పుడు కచేరీ సంగీతం వైపు చూద్దాం. కర్ణాటక సంగీతంలో అప్పటికప్పుడు అల్లి పాడేదాన్ని మనోధర్మం అంటారు. అందులో నెరవల్ అని ఒక పద్ధతి ఉంది. గాయకురాలు కీర్తనలో ఒక లైను తీసుకుంటుంది. ఆ మాటలు మార్చదు. తాళంలో ఏ మాట ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది. రాగం హద్దు దాటకుండా బాణీని మాత్రం మళ్లీ మళ్లీ కొత్తగా తిప్పుతుంది. అంటే నెరవల్‌లో మాట నిలబడుతుంది, బాణీ మారుతుంది. మన ఢావ్లోలో బాణీ నిలబడుతుంది, మాట మారుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అని ఎక్కడా అనిపించదు. రెండింటికీ ఒకటే తెలివి కావాలి. ఏది నిలపాలి, ఏది మార్చాలి అన్న తెలివి.

అల్లి పాడటమంటే ఇష్టం వచ్చినట్టు పాడటం అనుకుంటే తప్పు. అన్నీ మారిస్తే పాట ఏదో వినేవాళ్లకు తెలియదు. ఏదీ మార్చకపోతే అది అప్పజెప్పడం. ఒకటి గట్టిగా పట్టుకొని, ఇంకొకటి వదలాలి. పట్టుకున్నదాని పేరు తెలియడమే శాస్త్రం. పేరు తెలిస్తే పట్టు బిగుస్తుందే గానీ అల్లిక పోదు.

మా ట్రైనింగ్‌లో మొదట నేర్పే సూత్రం ఒకటుంది. తెలిసినదాన్నుంచి తెలియనిదానికి పోవాలి. సంగీతానికీ అదే వాడదాం. మీకు బాగా వచ్చిన తీజ్ పాట ఒకటి తీసుకోండి. తొమ్మిది రోజులు గోధుమ మొలకలకు నీళ్లు పోస్తూ పాడే పాటల్లో ఏదైనా సరే. దాన్ని మూడు విధాలుగా వినాలి.

మొదటిది శ్రుతి. పాట ఎటు తిరిగినా చివరికి వచ్చి కూర్చునే చోటు ఒకటుంటుంది. పాడి, ఆపి, ఆ చోటును 'ఊఁ' అని పట్టుకోండి. చాలా పాటల్లో అదే మీ 'స' అవుతుంది. ఫోన్‌లో తంబూర యాప్ పెట్టుకుంటే ఆ చోటు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అమ్మాయిల గొంతుకు, అబ్బాయిల గొంతుకు శ్రుతి వేరుగా ఉంటుంది. ఒకరి శ్రుతిలో ఇంకొకరు గొంతు చించుకోవద్దు.

రెండోది స్వరాలు. స్వరాలు ఏడని చదువుకున్నాం. వాటిలో 'స', 'ప' మారవు. మిగతావాటికి హెచ్చుతగ్గులు ఉంటాయి. అన్నీ కలిపి 12 స్థానాలు. కీబోర్డులో ఒక 'స' నుంచి పై 'స' ముందు దాకా నల్లవి, తెల్లవి లెక్కపెడితే 12 మెట్లు వస్తాయి. ఏ పాటా వాటన్నిటినీ వాడాలని లేదు. అయిదు స్వరాల మోహన రాగం మీద ఎన్ని కీర్తనలు, ఎన్ని సినిమా పాటలు ఉన్నాయో మీ సంగీతం సార్‌ను అడగండి. అందుకే మీ పాటలో నాలుగే స్వరాలు దొరికితే చిన్నబోవద్దు. ఆ నాలుగు ఏవో రాసుకోండి. ఏ స్వరం మీద ఎక్కువసేపు నిలుస్తోంది, ఏ స్వరాన్ని తాకి వదిలేస్తోంది, పైకి పోయేటప్పుడు ఒక దారి, దిగేటప్పుడు ఇంకో దారి ఉందా, ఇవి కూడా రాసుకోండి. రాగ లక్షణం అంటే ఇలాంటి విషయాలే.

మూడోది తాళం. చప్పట్లు కొడుతూ అడుగు వేసేటప్పుడు ఎన్ని దెబ్బలకు చుట్టు పూర్తవుతోందో లెక్కపెట్టండి. ఆది తాళంలో 8 అక్షరాలు, 4, 2, 2గా. ఖండ చాపులో 5, మిశ్ర చాపులో 7. మీ పాట వీటిలో ఒకదానితో కలవచ్చు, కలవకపోవచ్చు. బలవంతంగా కలపొద్దు. నంగారా కొట్టే పెద్దాయన పక్కన కూర్చొని ఆయన చేయి చూడండి. లెక్క ఆ చేతిలో ఉంటుంది.

ఈ మూడూ తెలిశాక అల్లిక మొదలుపెట్టాలి. రోజుకు అరగంట చాలు. మొదటి వారం బాణీ ముట్టుకోకుండా, తాళంలో ఎత్తుగడ మాత్రం మార్చండి. చుట్టు మొదట్లో ఎత్తుకునే లైనును ఒక దెబ్బ ఆగి ఎత్తుకోండి. రెండో వారం లైను చివర మాత్రం మార్చండి. మొదలంతా అలాగే ఉంచి, ముగింపు రెండు మూడు రకాలుగా దించండి. మూడో వారం మాట నిలిపి బాణీ తిప్పండి. అది నెరవల్ దారి. నాలుగో వారం బాణీ నిలిపి మాట అల్లండి. అది మీ దాదీ, నానీల దారి. పాటలోకి కొత్త స్వరం తేవాలనిపిస్తే ముందు ఉన్న నాలుగైదు స్వరాలతో ఎంత దూరం పోగలరో చూడండి. తక్కువ స్వరాలతో ఎక్కువసేపు పాడగలిగినవాళ్లకు మనోధర్మం వచ్చినట్టే.

ఇంకో కిటుకు మన హోలీ పాటల్లో ఉంది. లేంగీ పాడేటప్పుడు ఒకరు ఎత్తుకుంటే గుంపంతా తిరిగి అందుకుంటుంది. గుంపు అందుకున్న ఆ కాస్త సమయంలో ముందు పాడినవాళ్లు తర్వాతి మాట కట్టుకుంటారు. ఇదే ఏర్పాటు సముద్రాల అవతల కూడా ఉంది. అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్ల పాటల్లోంచి బ్లూస్ అనే సంగీతం వచ్చింది. అందులో సాధారణంగా ఒక లైను పాడి, దాన్నే రెండోసారి పాడి, మూడో లైనుతో దానికి జవాబు చెప్తారు. రెండోసారి పాడుతున్నప్పుడు మూడో లైను మనసులో తయారవుతుంది. పాట చట్రం 12 కొలతలు. అది కదలదు. అందుకే లోపల పాడేవాళ్లకు ఎంత స్వేచ్ఛ అయినా ఉంటుంది.

ఆ జాతివాడే డబ్ల్యూ. సి. హ్యాండీ. 1873లో పుట్టాడు. పాశ్చాత్య సంగీత శాస్త్రం, స్వరలిపి చదువుకొని బ్యాండు నడిపినవాడు. మిసిసిపి రైల్వే స్టేషన్లో ఒక పేదవాడు గిటారు తీగల మీద చాకు ఆనించి వాయిస్తూ పాడటం విని, అది తనవాళ్ల సంగీతమని గుర్తుపట్టాడు. 1912లో 'మెంఫిస్ బ్లూస్' అచ్చు వేశాడు. వాళ్లవాళ్లు పాడే గాంధారం కీబోర్డు మెట్ల మధ్యలో ఎక్కడో ఉంటుంది. అచ్చమైన గుర్తు దానికి లేదు. దగ్గరి గుర్తు పెట్టి రాశాడు. శాస్త్రం చదవబట్టే ఆ పాటలోని కొత్తదనం ఏమిటో ఆయనకు తెలిసింది. చెవి తనవాళ్ల దగ్గర ఉండబట్టే గుర్తుకు లొంగనిది కూడా వినిపించింది. మనకు అలాంటివాళ్లు కావాలి.

కీబోర్డు పట్టుకున్న తమ్ముళ్లు ఇక్కడ ఒక మాట వినాలి. మెట్లకు మెట్లకు మధ్య జారే గొంతును కీబోర్డు పలికించలేదు. ఈ కారణం కూడా చూపించి 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను పక్కన పెట్టింది. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. అంత కఠినంగా ఉండాలని మేం అనం. కీబోర్డు మంచి సాయం. కానీ మీ నానీ గొంతు కీబోర్డుకు కలవకపోతే, నానీ అపశ్రుతి పాడుతోందని తీర్మానించొద్దు. ముందు నాలుగుసార్లు వినండి. ప్రతిసారీ అదే చోట, అదే విధంగా జారుతోందంటే అది తప్పు కాదు. అది పాటలో భాగం. మెట్టు లేని చోట ఒక గీత గీసి 'ఇక్కడ జారుతుంది' అని మీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇదంతా ఎందుకింత గట్టిగా చెప్తున్నామంటే, తండాల్లో పరిస్థితి మీకూ తెలుసు. పెళ్లికి డీజే వచ్చింది. డీజే పెట్టినవాళ్లను తిట్టం, పిల్లలు ఆడుకోవాలి కదా. కానీ డీజే మోగుతుంటే ఢావ్లో ఎవరికి వినిపిస్తుంది? పాడే ముసలమ్మలు ఒక్కొక్కరే పోతున్నారు. మన గోర్ బోలీకి సొంత లిపి లేదు. పాట ఉన్నది గొంతులోనే. గొంతు పోతే పాట పోతుంది.

"రికార్డు చేసి పెట్టుకున్నాం మేడం" అంటారు. మంచి పనే. తప్పకుండా చేయండి. పాడినవాళ్ల పేరు, తండా, తేదీ, ఏ సందర్భంలో పాడే పాటో కూడా చెప్పించి రికార్డు చేయండి. కానీ ఒక తేడా గుర్తుంచుకోండి. ఫోన్ ఒక పాటను దాచుతుంది. పాట కట్టే తెలివిని దాచలేదు. ఒక పెళ్లికూతురు తన అన్నను పట్టుకొని పాడిన ఢావ్లో ఇంకో పెళ్లికూతురికి పనికిరాదు. ఆమె అన్న వేరు, ఆమె ఇల్లు వేరు. ఆమె తనది తాను కట్టుకోవాలి. వంద రికార్డింగులు ఉండి, కొత్తగా ఒక్క చరణం కట్టగలిగిన పిల్ల లేకపోతే ఆ పాట బతికున్నట్టు కాదు. అందుకే అల్లిక నేర్చుకోవడం సరదా పని అని మేం అనుకోం. మన పాట రేపు ఉంటుందా లేదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంది.

ఇందులో ఒక మర్యాద కూడా ఉంది. ప్రతి పాటా స్టేజీ పాట కాదు. లేంగీ, తీజ్ పాటలు పదిమందిలో పాడుకోవడానికే పుట్టాయి. శివరాత్రికి మన మేళ్లచెరువు శంభులింగేశ్వర స్వామి జాతరకు ఎంతో జనం వస్తారు. అలాంటి చోట అవి పాడితే అందం. ఢావ్లో అలాంటిది కాదు. వేరే వాళ్ల కోసం, మార్కుల కోసం ఒక ఆడపిల్లను నిలబెట్టి ఏడిపించడం మాకు ఇష్టం లేదు. పాడాలనుకుంటే ఆ పిల్ల ఇష్టం, పెద్దల అనుమతి రెండూ ఉండాలి. నేర్చుకోవడం వేరు, ప్రదర్శించడం వేరు.

అలాగే పక్కవాళ్ల పాటనూ గౌరవించండి. కిన్నెర డక్కలి వాళ్లది, గుస్సాడీ గోండులది. ఇష్టమైతే వాళ్ల దగ్గరకు పోయి నేర్చుకోండి, నేర్పినవాళ్ల పేరు చెప్పండి. మన నంగారా వరస ఇంకొకరు పేరు చెప్పకుండా వాడుకుంటే మనకెలా ఉంటుందో వాళ్లకూ అలాగే ఉంటుంది.

చదువుగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు దారులున్నాయి. హైదరాబాద్‌లో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు కళాశాల, వరంగల్‌లో విద్యారణ్య కళాశాల ఉన్నాయి. గాత్రం, వాద్యం నేర్పుతారు. సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు ఉన్నాయి. మన పాటల మీద పరిశోధన చేయాలనుకుంటే తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. అక్కడికి పోయినా 'మాది తండా పాట, మాకేం తెలియదు' అని తలదించుకొని పోవద్దు. సరళీ స్వరాలు అందరికీ మొదటి పాఠమే. అది పూర్తిచేసి, మీ పాటను స్వరపరచి, తరగతిలో పెట్టండి. ఇచ్చిపుచ్చుకోవడం అప్పుడు మొదలవుతుంది.

అమ్మానాన్నలు కూడా ఈ సభలో ఉన్నారు. పాటలో పడితే చదువు పోతుందని మీ భయం. మేం చదువు దగ్గర రాజీ పడేవాళ్లం కాదని మీకు తెలుసు. పొద్దున స్టడీ, సాయంత్రం స్టడీ ఎక్కడికీ పోవు. మధ్యలో అరగంట. మా హాస్టళ్లలో ఆదివారం సాయంత్రం ఒక గంట పాటకు ఇవ్వాలని వార్డెన్లం అనుకుంటున్నాం. మీరు చేయవలసింది ఒకటే. సెలవులకు పిల్ల ఇంటికొచ్చినప్పుడు ఇంట్లో ముసలమ్మ పక్కన కూర్చోనివ్వండి. "ఆ పాత పాటలెందుకు" అని లేపకండి.

చివరగా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని అప్పజెప్తున్నాం. వచ్చే శ్రావణంలో తీజ్ లోపు మీ తండాలో ఒక్క పెద్దావిడ దగ్గర ఒక్క పాట నేర్చుకోండి. దాని 'స' ఎక్కడుందో, స్వరాలు ఎన్నో, చుట్టుకు దెబ్బలెన్నో రాసుకోండి. తర్వాత ఆ వరస మీద మీ సొంత మాటతో ఒక్క చరణం కట్టండి. మీ ఊరు, మీ చేను, మీ హాస్టలు, సిమెంటు ఫ్యాక్టరీకి పనికి పోయే మీ నాయన, ఎవరి మీదైనా సరే. కట్టిన చరణం ముందు ఆ పెద్దావిడకే వినిపించండి. వరస తప్పితే ఆమే చెప్తుంది. తప్పకపోతే గుంపు కంటే ముందు ఆమే అందుకుంటుంది. ఆమె అందుకుంటే మీ చరణం పాటలో కలిసినట్టే.